షోస్తకోవిచ్‌ని వినడం ఎలా: సినిమా దొడ్డిదారిన సింఫనీల్లోకి

ఆ వాల్ట్జ్ మీరు వినే ఉంటారు. వెనకాల ఆర్కెస్ట్రా ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు అని ఊగుతుంటే, పైన ఒక శాక్సఫోన్ కాస్త దిగులుగా, కాస్త కులాసాగా పాట ఎత్తుకుంటుంది. రీల్స్ కింద, పెళ్ళి వీడియోల కింద, ఎక్కడ పడితే అక్కడ అదే. స్టాన్లీ కూబ్రిక్ 1999లో తీసిన ఆఖరి సినిమాలో వాడాక ప్రపంచమంతా తిరిగింది. రాసినాయన ద్మీత్రి షోస్తకోవిచ్. 1906లో పీటర్స్‌బర్గ్‌లో పుట్టి 1975లో మాస్కోలో పోయాడు. పదిహేను సింఫనీలు (ఆర్కెస్ట్రా కోసం భాగాలు భాగాలుగా రాసే పెద్ద రచనలు), పదిహేను స్ట్రింగ్ క్వార్టెట్లు (నాలుగు తీగ వాయిద్యాల కోసం రాసేవి), ముప్ఫైకి పైగా సినిమాలకు సంగీతం, గంటల కొద్దీ పియానో.

ఇంత ఉందని తెలియగానే చాలామంది ఒకటో నంబర్ సింఫనీతో మొదలుపెట్టి వరసగా పదిహేను దాకా వెళ్దామనుకుంటారు. నేనూ అదే చేశాను. మొదటిది బాగానే ఉంది, రెండో దాని దగ్గర చతికిలబడ్డాను, మూడోది సగంలో ఆపేశాను. మళ్ళీ ఆయన జోలికి వెళ్ళడానికి ఏడాది పట్టింది. అందుకే మీకు వేరే దారి చెప్తున్నాను. ఆయన ఏ దారిన వచ్చాడో ఆ దారి. తండ్రి 1922లో పోయాడు, ఇంట్లో డబ్బుల్లేవు. పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో షోస్తకోవిచ్ లెనిన్‌గ్రాడ్ (ఆ పీటర్స్‌బర్గే, పేరు మారింది) సినిమా హాళ్ళలో, మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన కూర్చుని పియానో వాయించాడు. పరుగు వస్తే పరుగు, ఏడుపు వస్తే ఏడుపు, క్షణంలో మార్చి వాయించడం అక్కడే చేతికి పట్టుబడింది. ఆ తర్వాత రాసిన సింఫనీల్లో కూడా ఆ సినిమా హాలు వినిపిస్తూనే ఉంటుంది. 1926లో పందొమ్మిదేళ్ళకే పేరు తెచ్చిన మొదటి సింఫనీలో పియానో ఉన్నట్టుండి గలగలా దూరి, అంతలోనే మాయమవుతుంది. అది వింటే నాకు ఆ హాల్లో కూర్చున్న కుర్రాడే గుర్తొస్తాడు.

ముందు పేర్ల గొడవ తేల్చుకోండి

వెతకడం మొదలుపెట్టగానే తగిలే మొదటి చిక్కు పేరే. ఇంగ్లీషు వాళ్ళు ఒకలా, జర్మన్ వాళ్ళు ‘ఎస్-సి-హెచ్’తో, ఫ్రెంచ్ వాళ్ళు ‘సి-హెచ్’తో రాస్తారు. పాత రికార్డులు దొరకకపోతే ఆ స్పెల్లింగులతో కూడా వెతకండి. (మన ఇళ్ళలో ప్రగతి, రాదుగ వాళ్ళ తెలుగు అనువాదాలు చదివి పెరిగినవాళ్ళకు తొల్‌స్తోయ్, దొస్తొయేవ్‌స్కీ అలవాటే కాబట్టి, నేను ‘ట’ మానేసి ‘త’తోనే రాస్తున్నాను.) ఆ జర్మన్ స్పెల్లింగ్ గుర్తుంచుకోండి, దానితో తర్వాత పనుంది.

రెండో చిక్కు, అట్టల మీద తప్పులు. ఆ వాల్ట్జ్‌నే తీసుకోండి. చాలా ఆల్బమ్‌ల మీద ‘జాజ్ సూట్ నంబర్ 2’ అని ఉంటుంది (సూట్ అంటే చిన్న చిన్న ముక్కల్ని గుచ్చిన మాల). కాదు. అసలు రెండో జాజ్ సూట్ 1938 నాటిది, యుద్ధకాలంలో పోయింది. దాని పియానో ప్రతి 1999లో దొరికితే జెరార్డ్ మెక్‌బర్నీ ఆర్కెస్ట్రాకు కూర్చాడు, 2000లో లండన్‌లో వాయించారు. మనకు తెలిసిన వాల్ట్జ్ ఉన్నది ‘వెరైటీ ఆర్కెస్ట్రా సూట్’ అనే వేరే కూర్పులో, ఆ బాణీ కూడా 1950ల మధ్యలో వచ్చిన ‘ఫస్ట్ ఎషెలాన్’ అనే సినిమాది. రికార్డో షాయీ ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాతో చేసిన జాజ్ ఆల్బమ్ ఈ బాణీని ఊరూరా తిప్పింది. దాని మీదా పాత పేరే ఉంది. వినడానికి మాత్రం భలేగా ఉంటుంది, మీరు దానితోనే మొదలుపెట్టండి.

కాబట్టి పేరుతో కాకుండా ఓపస్ నంబర్‌తో, అంటే స్వరకర్త రచనలకు వరసగా ఇచ్చే అంకెతో, వెతకడం అలవాటు చేసుకోండి. ముఖ్యంగా పియానో దగ్గర. ‘24 ప్రెలూడ్స్’ అని కొడితే రెండు రకాలు కలిసి వస్తాయి: 1932-33లో రాసిన చిన్న ముక్కలు ఓపస్ 34, 1950-51లో రాసిన ప్రెలూడ్స్-ఫ్యూగ్స్ (ముందు ఒక చిన్న ముక్క, వెనకే ఒకే పాటని గొంతులు ఒకదాన్నొకటి తరిమే ఫ్యూగ్) ఓపస్ 87. మొదటిది అరగంటలో అయిపోతుంది, రెండోది రెండున్నర గంటలు.

ఫోన్‌లో నాలుగు సెట్టింగులు

దీన్ని దాటేయకండి. మామూలు పాటలకు పనికొచ్చే సెట్టింగులే ఈ సంగీతాన్ని పాడు చేస్తాయి.

షఫుల్ ఆపండి. ఇది చెప్పాలా అనుకోకండి. నేను ఐదో సింఫనీ మొదటిసారి విన్నప్పుడు షఫుల్ ఆన్‌లో ఉంది, నెమ్మదిగా సాగే మూడో భాగం ముందొచ్చింది. రెండు నెలల పాటు సింఫనీ అలాగే మొదలవుతుందని అనుకున్నాను. ఒక స్నేహితుడి ముందు దాని గురించి గొప్పగా మాట్లాడి నవ్వులపాలయ్యాను కూడా.

ఒక పాట తోకని ఇంకో పాట తలతో కలిపే క్రాస్‌ఫేడ్ ఆపండి. ట్రాక్‌ల మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. పదకొండో సింఫనీలో నాలుగు భాగాలూ ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి, ఎనిమిదో దాంట్లో చివరి మూడు భాగాలు అంతే. మధ్యలో అర సెకను ఖాళీ వచ్చినా ఉయ్యాల తాడు తెగినట్టు ఉంటుంది.

అన్ని పాటల శబ్దాన్నీ ఒకే మట్టానికి తెచ్చే నార్మలైజేషన్ కూడా ఆపేయండి. ఇక్కడ మెల్లగా ఉన్నది మెల్లగానే ఉండాలి. కాకపోతే ఒక జాగ్రత్త. ఏడో సింఫనీ మొదటిసారి సిటీ బస్సులో, హెడ్‌ఫోన్స్‌తో విన్నాను. డ్రమ్ వినపడటం లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోయాను. పది నిమిషాల తర్వాత చెవులు చిల్లులు పడ్డంత పనైంది, పక్క సీటాయన నావైపు తిరిగి చూశాడు. ముందు ట్రాక్‌లో బాగా గట్టిగా ఉన్నచోటికి జరిపి వాల్యూమ్ అక్కడ సరిచేసుకోండి, ఆ తర్వాత మొదటికి వచ్చి వినండి.

సినిమాలు: మూడు చాలు

‘గ్యాడ్‌ఫ్లై’ 1955 నాటిది, కథ ఇటలీలో జరుగుతుంది. అందులో ‘రొమాన్స్’ అనే వయొలిన్ ముక్క ఆయన రాసిన అతి తియ్యటి బాణీల్లో ఒకటి. 1983లో బ్రిటిష్ టీవీ సీరియల్ ఒకటి దాన్ని టైటిల్స్‌కి వాడుకుంటే ఇంగ్లండ్‌లో ఇంటింటికీ వెళ్ళింది. మీరు వెతికితే వచ్చేది దాదాపు ఎప్పుడూ ఓపస్ 97ఎ, అంటే లెవోన్ అతొవ్‌మ్యాన్ అనే ఆయన మిత్రుడు కచేరీ కోసం కూర్చిన సూట్. ఎమిన్ ఖచతూర్యాన్ సోవియట్ సినిమా ఆర్కెస్ట్రాతో చేసిన పాత రికార్డింగ్ దీనికి బాగుంటుంది. శబ్దం కాస్త గరుగ్గా ఉన్నా వాయించినవాళ్ళు సినిమాకు వాయించే చేతులున్నవాళ్ళు. అది విన్నాక మార్క్ ఫిట్జ్‌జెరాల్డ్ నాక్సోస్ రికార్డు కంపెనీకి చేసిన అసలు సినిమా సంగీతం వినండి. సూట్‌లో ముద్దగా కలిసిపోయినవి ఇందులో విడివిడిగా, పొడిగా, కొన్నిచోట్ల ఇంకా పదునుగా ఉంటాయి. సినిమా సంగీతం వినేటప్పుడు ‘ఇది సూటా, అసలుదా?’ అని ముందు చూసుకోవడం ఇక్కడే అలవాటు చేసుకోండి.

రెండోది ‘న్యూ బాబిలాన్’, 1929. కోజింత్సెవ్, ట్రౌబెర్గ్ తీసిన మూకీ, 1871లో పారిస్ జనం తిరగబడి కొన్నాళ్ళు నగరాన్ని ఏలిన పారిస్ కమ్యూన్ కథ. ప్రతి హాల్లోనూ ఆర్కెస్ట్రా కూర్చుని వాయించాలని షోస్తకోవిచ్ సంగీతం రాశాడు. విడుదలకు ముందు సినిమాను మళ్ళీ కత్తిరించారు, సంగీతం బొమ్మకు అతకలేదు, వాయించేవాళ్ళు తిట్టుకున్నారు, ప్రదర్శన అభాసుపాలైంది. అయినా ఒక్కచోటు కోసం వినండి: ఫ్రెంచ్ జాతీయగీతం మార్సెయేజ్, ఆఫెన్‌బాక్ క్యాన్‌క్యాన్ డ్యాన్సు బాణీ, రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. దేశభక్తి, క్యాబరే ఒకే ఊపిరిలో. ఈ వెటకారం అర్థమైతే ఆయన సగం అర్థమైనట్టే.

మూడోది ‘హామ్లెట్’, 1964, మళ్ళీ కోజింత్సెవే. స్మోక్తునోవ్‌స్కీ హామ్లెట్. దీన్ని మాత్రం సంగీతం ఒక్కటే వినకండి, సినిమా చూడండి. మొదట్లో సముద్రం, రాతి గోడ, వాటి మీద గుండెల్లో గునపం దించినట్టు పడే ఆర్కెస్ట్రా దెబ్బలు. ఒఫీలియా వచ్చినప్పుడు హార్ప్సికార్డ్ (పియానోకి ముందు కాలపు వాయిద్యం) సన్నగా, బొమ్మల పెట్టె తీసినట్టు మోగుతుంది. అంత పెద్ద కోటలో ఆ పిల్లకు ఉన్న చోటు అంతే అని ఆ వాయిద్యమే చెప్తుంది. చూశాక ఓపస్ 116 వెతుక్కుని కళ్ళు మూసుకుని వినండి, బొమ్మలు వాటంతటవే వస్తాయి.

ఓపికుంటే ఇంకొకటి. 1932లో ‘కౌంటర్‌ప్లాన్’ సినిమాకి ఆయన కట్టిన పొద్దుటి పాట దేశమంతా పాడుకున్నారు. ఆ పాట రాసిన కవి బరీస్ కొర్నీలొవ్‌ని 1938లో కాల్చి చంపారు. పాట మాత్రం ఆగలేదు, కవి పేరే తీసేశారు.

ఇది పక్కదారి కథ కాదు. 1948 ఫిబ్రవరిలో స్వరకర్తల్ని తప్పుపడుతూ కమ్యూనిస్టు పార్టీ తీర్మానం వచ్చి షోస్తకోవిచ్ పాఠాలు చెప్పే ఉద్యోగాలు పోయాయి, రచనలు చాలావరకు కచేరీల్లోంచి మాయమయ్యాయి. ఆ ఏళ్ళలో ఇంట్లో పొయ్యి వెలిగింది ‘యంగ్ గార్డ్’, ‘ఫాల్ ఆఫ్ బెర్లిన్’ లాంటి సినిమాల డబ్బుతోనే. ‘ఫాల్ ఆఫ్ బెర్లిన్’లో స్టాలిన్‌ని దేవుడిలా చూపిస్తారు, సంగీతమూ తగ్గట్టే ఉంటుంది. అది రాస్తున్న చెయ్యే అప్పట్లో బయటపెట్టలేని రచనలు రాసి సొరుగులో దాచుకుంటోంది.

ఐదో సింఫనీ: ఆఖరి రెండు నిమిషాలు పట్టుకోండి

ఇప్పుడు సింఫనీలు. ఒక్క మాట ముందే చెప్పేస్తాను: మొత్తం సింఫనీని ఐదుగురు కండక్టర్ల చేత వినడం కంటే, ఒక్క చోటుని ఇద్దరి చేత వినడం మేలు. దానికి ఐదో సింఫనీ (ఓపస్ 47) ముగింపుని మించింది లేదు.

జరిగింది ఇది. 1936 జనవరి 28న పార్టీ పత్రిక ప్రావ్దా ఆయన ఒపేరాని (పాటలతో నడిచే నాటకాన్ని) ‘సంగీతం కాదు, గందరగోళం’ అని చీల్చి చెండాడింది. మనుషులు రాత్రికి రాత్రి మాయమైపోతున్న రోజులు. రిహార్సల్స్‌లో ఉన్న నాలుగో సింఫనీని ఆయన వెనక్కి తీసుకున్నాడు, అది 1961 దాకా వినపడలేదు. 1937 నవంబర్ 21న లెనిన్‌గ్రాడ్‌లో మ్రావిన్‌స్కీ కండక్టర్‌గా ఐదోది వాయించారు. జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. ప్రభుత్వానికీ నచ్చింది, ఎందుకంటే ముగింపు విజయోత్సవంలా ఉంది.

ఉందా మరి? అదే మీరు తేల్చాలి. నాలుగో భాగం చివరి రెండు మూడు నిమిషాలకు జరపండి. ఇత్తడి వాయిద్యాలు పైన పాట మోగిస్తుంటాయి, కింద డప్పులు. కానీ మీరు మధ్యలో ఉన్న వయొలిన్లని, పిల్లనగ్రోవులని వినండి. అవి ఒకే ఒక్క స్వరం పట్టుకుని కొడుతూనే ఉంటాయి, రెండు వందలసార్లకు పైగా. అదే స్వరం, అదే స్వరం, అదే స్వరం.

ముందు లెనర్డ్ బెర్న్‌స్టీన్, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్, 1959. సోవియట్ యూనియన్‌లో పర్యటించి, మాస్కోలో షోస్తకోవిచ్ ఎదుటే ఈ సింఫనీ వాయించి వచ్చిన వెంటనే బోస్టన్‌లో చేసిన రికార్డింగ్. ముగింపు ఉరుకులు పరుగులు, నాలుగో భాగం మొత్తం తొమ్మిది నిమిషాల దగ్గరే అయిపోతుంది. ఆ వేగంలో ఆ ఒక్క స్వరం మెరుపులా ఉంటుంది, ఊరేగింపే. ఇప్పుడు మ్స్తిస్లావ్ రొస్త్రొపోవిచ్, వాషింగ్టన్ నేషనల్ సింఫనీ, 1982. ఆయన షోస్తకోవిచ్‌కి ఆప్త మిత్రుడు, ఆ దేశం వదిలి వచ్చినవాడు. అవే స్వరాలు, వేగం మాత్రం బాగా తక్కువ. ఆ ఒక్క స్వరం ఇప్పుడు సమ్మెట దెబ్బ. నవ్వమని ఎవరో వెనక నుంచి పొడుస్తున్నట్టు ఉంటుంది. రెండూ తప్పు కాదు. అచ్చు ప్రతుల్లోనే ఇక్కడి వేగం గుర్తు తేడాగా పడి ఉంది, ఏది నిజమని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. ఆ తర్వాత మ్రావిన్‌స్కీ రికార్డింగుల్లో ఏదైనా ఒకటి వినండి. ఆయన దగ్గర ఉత్సవమూ లేదు, ఏడుపూ లేదు, మిలిటరీ క్రమశిక్షణలో నడుస్తుంది. నాకు అదే అన్నిటికంటే భయం పుట్టించింది.

ఇది అయ్యాక మొదటికి వెళ్ళి నలభై అయిదు నిమిషాలూ వినండి. మూడో భాగం దగ్గర ఇత్తడి వాయిద్యాలు ఒక్కటీ వాయించవు. గమనించండి.

రి గ స ని

పదో సింఫనీ (ఓపస్ 93). స్టాలిన్ 1953 మార్చిలో పోయాడు, ఇది ఆ డిసెంబర్ 17న లెనిన్‌గ్రాడ్‌లో వినిపించింది. ముందు రెండో భాగం వినండి, నాలుగు నిమిషాలే. ఊపిరాడనివ్వదు. ఇది స్టాలిన్ బొమ్మ అని చెప్పే మాట సోలమన్ వోల్కొవ్ 1979లో బయటపెట్టిన జ్ఞాపకాల్లోంచి వచ్చింది, వాటిని ఎంతవరకు నమ్మాలన్నది ఇంకా తేలలేదు. బొమ్మ ఎవరిదైనా తుపాను తుపానే.

అసలు నేను చెప్పాలనుకున్నది మూడో భాగం గురించి. మన వాగ్గేయకారులు కృతి చివర ముద్ర పెడతారు కదా. ఈయనా పెట్టాడు, అయితే మాటల్లో కాదు, స్వరాల్లో. ఇందాక చెప్పిన జర్మన్ స్పెల్లింగ్‌లో ఆయన పేరు మొదట్లో ఉన్న అక్షరాలు డి, ఎస్, సి, హెచ్. జర్మన్ వాళ్ళ లెక్కలో ఆ నాలుగూ స్వరాల పేర్లే. ‘సి’ని షడ్జమం అనుకుంటే అవి రి, గ, స, కింది ని. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, షడ్జమం, మంద్రంలో కాకలి నిషాదం. గౌరిమనోహరి తెలిసినవాళ్ళు గమకం లేకుండా, చెక్కతో కొట్టినట్టు, ‘రి గ స ని’ అని ఒకసారి పాడుకోండి. అంతే, ఇక ఆయన ఎక్కడ దాక్కున్నా దొరికిపోతాడు. మూడో భాగంలో పిక్కొలోల (బుల్లి పిల్లనగ్రోవుల) గుంపులో కిచకిచలాడతాడు, నాలుగో భాగం చివర టింపనీ అనే పెద్ద డప్పుల మీద ఎముకలు అదిరేలా కొడతాడు.

అదే మూడో భాగంలో హార్న్ ఒక్కటే నిలబడి దూరంగా ఎవరినో పిలిచినట్టు ‘గ ద గ రి ద’ అంటుంది (ఇక్కడ గ అంతర గాంధారం). అది ఎల్మీరా అనే పేరు. ఆయన దగ్గర చదువుకున్న అజర్‌బైజాన్ పియానిస్టు, స్వరకర్త ఎల్మీరా నజీరొవా. పన్నెండుసార్లు పిలుస్తుంది. లెక్కపెట్టండి. తన ముద్ర పక్కన ఆమె పేరు పెట్టుకున్నాడు, రెండూ మాత్రం కలవవు.

రికార్డింగులా? కండక్టర్ హెర్బర్ట్ ఫాన్ కారయాన్ షోస్తకోవిచ్ సింఫనీల్లో రికార్డు చేసింది ఇదొక్కటే, 1966లో ఒకసారి, 1981లో ఇంకోసారి. రెండో భాగం కోసం ఆ రెండిట్లో ఏదైనా సరే. మొదటి భాగంలోని దిగులు కోసం మ్రావిన్‌స్కీ. ఇక కొసమెరుపు: 1954లో షోస్తకోవిచ్, ఆయన మిత్రుడు వాయిన్‌బెర్గ్ ఇద్దరూ ఒకే పియానో ముందు కూర్చుని ఈ సింఫనీ మొత్తాన్ని నాలుగు చేతులతో వాయించిన రికార్డింగ్ ఉంది. ఎముకల గూడు చూసినట్టు ఉంటుంది. అంత పెద్ద ఆర్కెస్ట్రా లేకపోయినా ఏం మిగిలిందో చూడండి.

‘రి గ స ని’ ముద్ర ఇంకా కావాలంటే ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్‌కి వెళ్ళండి, మొదటి నాలుగు స్వరాలు అవే. ఇదీ సినిమా పుణ్యమే: 1960 జులైలో ఒక సినిమాకి సంగీతం రాయమని డ్రెస్‌డెన్ దగ్గరికి పంపితే, అది పక్కన పెట్టి మూడు రోజుల్లో ఈ క్వార్టెట్ రాసుకున్నాడు.

పెద్దవి, పొడవైనవి

ఏడోది ‘లెనిన్‌గ్రాడ్’. గంటంపావు పైనే. 1942 మార్చిలో కూయిబిషెవ్‌లో మొదటిసారి వాయించారు. స్వరలిపిని మైక్రోఫిల్మ్‌గా తీసి టెహరాన్, కైరో మీదుగా అమెరికా చేరిస్తే జులైలో కండక్టర్ తొస్కానీనీ రేడియోలో వినిపించాడు. జర్మన్ సైన్యం ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లోనే 1942 ఆగస్టు 9న కండక్టర్ ఎలియాస్‌బెర్గ్ రేడియో ఆర్కెస్ట్రాతో వాయించాడు. తిండి లేక బాకా ఊదలేని వాళ్ళకు అదనపు రేషన్ ఇచ్చి నిలబెట్టారు. షోస్తకోవిచ్ పోయింది కూడా ఆగస్టు 9నే, 1975లో.

మొదటి భాగంలో ఆరేడు నిమిషాలయ్యాక డ్రమ్ దూరంగా మొదలవుతుంది. దాని మీద ఒక పిచ్చి బాణీ, వీధిలో ఎవడో ఈల వేసినట్టు. మనకు ఒకే పల్లవిని సంగతులు వేస్తూ పెంచడం తెలుసు. ఇక్కడ బాణీలో ఒక్క సంగతి కూడా కొత్తగా రాదు. వాయిద్యాలు మారతాయి, శబ్దం పెరుగుతుంది, అంతే. పది పన్నెండు నిమిషాలకు ఆ ఈలే ట్యాంకు అవుతుంది. బెర్న్‌స్టీన్ 1988లో షికాగో సింఫనీతో చేసినది ఇక్కడ వినాలి, ఆ ఇత్తడి వాయిద్యాల బలం ఇంకెక్కడా వినలేదు. నిజం చెప్పాలంటే ఆ తర్వాతి భాగాల్లో నాకు కొన్నిచోట్ల దృష్టి చెదురుతుంది, మీకూ చెదిరితే కంగారు పడకండి.

పదకొండోది 1957 నాటిది, 1905 జనవరిలో జార్ సైన్యం జనం మీద కాల్పులు జరిపిన రోజు గురించి. ఇది అచ్చంగా తెర లేని సినిమా. మొదటి భాగం ప్యాలెస్ ముందు మంచు పడ్డ ఖాళీ మైదానం, రెండో దాంట్లో కాల్పులు, ఆ వెంటనే మళ్ళీ అదే మంచు, అదే నిశ్శబ్దం. 1958లో స్తొకోవ్‌స్కీ హ్యూస్టన్‌లో చేసిన రికార్డింగ్ అంత పాతదైనా గది అదిరిపోతుంది.

తొమ్మిదోది పాతిక నిమిషాలే, గెలిచిన యుద్ధానికి మహా గంభీరమైన సింఫనీ వస్తుందని అందరూ ఎదురుచూస్తే సర్కస్ లాంటిది రాసిచ్చాడు. పదమూడో దాంట్లో యెవ్తుషెంకో కవితలు, పద్నాలుగో దాంట్లో చావు మీద కవితలు ఉన్నాయి. కవితల అనువాదం చేతిలో పెట్టుకోకుండా ఈ రెండూ వినకండి, సగం కూడా దక్కదు. రెండు, మూడు, పన్నెండు చివరికి ఉంచుకోండి. అసలు వినకపోయినా మునిగిపోయేది లేదు.

పియానో

రెండో పియానో కాన్సర్టో (ఆర్కెస్ట్రా తోడుగా పియానో ముందుండి నడిపే రచన, ఓపస్ 102) మధ్య భాగంతో మొదలుపెట్టండి. 1957లో కొడుకు మక్సీమ్ పందొమ్మిదో పుట్టినరోజు నాడు వాడే వాయించాలని రాసింది. తీగ వాయిద్యాలు దిగులుగా నడుస్తుంటాయి, పియానో వచ్చి ఒక్కసారిగా మేజర్‌లోకి, ఎండలోకి తీసుకెళ్తుంది. ఆ ఒక్క మలుపు చాలు. ఆఖరి భాగంలో పియానో నేర్చుకునేవాళ్ళు రోజూ తిట్టుకుంటూ వాయించే హానన్ వేళ్ళ కసరత్తులు దూర్చేశాడు. పిల్లవాడికి పుట్టినరోజు కానుక మరి.

దీన్నీ, ట్రంపెట్ ఉన్న మొదటి కాన్సర్టోనీ ఆయనే 1958లో పారిస్‌లో క్లూయితాన్స్ కండక్టర్‌గా రికార్డు చేశాడు. తప్పకుండా వినండి. బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు వాయిస్తాడు, కొన్నిచోట్ల వేళ్ళు జారతాయి. అప్పటికే కుడి చెయ్యి ఇబ్బంది పెట్టడం మొదలైంది. అయినా ఈ సంగీతం ముద్దుగా కాదు, పొడిగా, గబగబా ఉండాలని ఆయన అనుకున్నాడని తెలిసిపోతుంది.

ఇక ఓపస్ 87. బాఖ్ పోయి రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా 1950లో లైప్‌జిగ్‌లో జరిగిన పోటీకి జడ్జిగా వెళ్ళాడు. తత్యానా నికొలాయెవా అనే ఇరవై ఆరేళ్ళ అమ్మాయి గెలిచింది. తిరిగొచ్చి ఇరవై నాలుగు ప్రెలూడ్లు, ఫ్యూగ్‌లు రాశాడు. ఆమె వాటిని జీవితమంతా వాయించింది. 1993లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇవే వాయిస్తూ వేదిక మీద జబ్బుపడి, కొద్ది రోజులకు పోయింది.

మొత్తం ఒక్కరోజులో వినకండి. మొదటిది వినండి. దాని ఫ్యూగ్‌లో పియానో మీద ఒక్క నల్ల కట్ట కూడా నొక్కరు, అన్నీ తెల్లవే. ఒక గొంతు పాట ఎత్తుకుంటుంది, అది సాగుతుండగానే రెండోది అదే పాటతో ఇంకోచోట నుంచి వస్తుంది, తర్వాత మూడోది, నాలుగోది. వేలు పెట్టి ఒక్క గొంతునే వెంబడించండి, తప్పిపోతే మళ్ళీ మొదలు. ఏడోది గుడి గంటల్లా ఉంటుంది, పదిహేనోది పిచ్చెక్కిన సర్కస్, ఇరవై నాలుగోది ఒక సింఫనీ అంత. నికొలాయెవా 1990లో హైపీరియన్ కంపెనీకి చేసినదీ, జాజ్ పియానిస్టు కీత్ జారెట్ చేసినదీ పక్కపక్కన పెట్టండి. ఆమెది సాయంత్రం దీపం పెట్టుకుని మాట్లాడినట్టు, ఆయనది పొద్దున్నే కిటికీలన్నీ తెరిచినట్టు. అలెగ్జాండర్ మెల్నికొవ్‌ది ఈ రెండిటికీ మధ్యలో, ఇంకాస్త నాటకీయంగా ఉంటుంది.

మొత్తం సెట్ కావాలంటే

ఇన్నీ విన్నాక పదిహేనూ ఒకరి చేతే వినాలనిపిస్తుంది. మొదటిసారి అన్నీ పూర్తి చేసింది కిరిల్ కొంద్రాషిన్, మాస్కో ఫిల్‌హార్మోనిక్‌తో. నాలుగు, పదమూడు మొట్టమొదట వినిపించింది ఆయనే. శబ్దం పాతది, వాయింపులో మాత్రం కోపం ఉంది. శబ్దం శుభ్రంగా కావాలంటే వసీలీ పెత్రెంకో, లివర్‌పూల్ ఆర్కెస్ట్రాతో నాక్సోస్‌కి చేసినది. నన్నడిగితే మొదటి సెట్‌గా రుడాల్ఫ్ బర్షాయ్‌ది, జర్మనీలోని కొలోన్ రేడియో ఆర్కెస్ట్రాతో. షోస్తకోవిచ్ దగ్గర నేర్చుకున్నవాడు, పద్నాలుగో సింఫనీని మొదట వినిపించినవాడు. హడావుడి లేదు, ఎక్కడా అతి లేదు.

పదిహేనోది అన్నిటికంటే చివర వినండి. 1972లో కొడుకు మక్సీమే మొదటిసారి కండక్ట్ చేశాడు. మొదటి భాగంలో రోస్సీనీ ‘విలియం టెల్’ బాణీ బొమ్మల కొట్లోంచి వచ్చినట్టు వస్తుంది, చివరి భాగంలో వాగ్నర్ బాణీ వస్తుంది. రికార్డింగ్ కుర్ట్ శాండర్లింగ్‌ది తీసుకోండి, చాలా ఏళ్ళు లెనిన్‌గ్రాడ్‌లో మ్రావిన్‌స్కీ పక్కన పనిచేసినవాడు. రాత్రి వినండి, ఫ్యాన్ ఆపి. ముగింపులో వయొలిన్లన్నీ ఒకే శ్రుతి పట్టుకుని కదలకుండా ఉంటాయి. దాని మీద చిన్న చిన్న చెక్క చప్పుళ్ళు, డ్రమ్, ట్రయాంగిల్, ఆస్పత్రి మెషీన్ లాగా, గడియారం లాగా టిక్కుటిక్కుమంటాయి. ఆఖర్న గంట లాంటి ఒక్క స్వరం. అప్పటికి ఫోన్‌లో ఆటోప్లే కూడా ఆపి ఉంచండి, లేకపోతే ఆ నిశ్శబ్దం మీదికి ఇంకేదో పాట వచ్చి పడుతుంది.